కఠిన వ్యాయామము – దేహరక్షక కణములు

వ్యాయామము దేహమునకు బలమును కూర్చునా, లేక ఉన్న బలమును హరించునా అను ప్రశ్న మన యిండ్లలో ఏటేట పుట్టుచునే యున్నది. పదవ తరగతిలో అడుగిడిన బాలుని తల్లిదండ్రులు ఆటస్థలమునకు పోనీయరు. పరుగులు పెట్టినచో ఒడలు డస్సి జ్వరము వచ్చుననియు, పరీక్ష చెడుననియు వారి భయము. బాలికల విషయము చెప్పనక్కరయే లేదు. వారిలో పెక్కుమంది అంతకు ముందే ఆటలు మానుచున్నారు. మరియొక ప్రక్క పోలీసు కొలువును కోరు యువకులు కలరు. తమిళనాడు పోలీసు కానిస్టేబుల్ ఎంపికలో పురుషులు 1500 మీటర్ల దూరమును 7 నిముషములలో పరుగెత్తవలెను. ప్రకటన వెలువడిన పిదప మేల్కొని, ఒక సంవత్సరపు సాధనను ఒక్క నెలలో ముగింపదలచి, తగిన నిద్రయు తిండియు లేక ఉదయసాయంకాలములు పరుగెత్తి, తీరా ఎంపిక నాటికి దగ్గుతోను పడిసెముతోను మంచము పట్టువారు వీరిలో లేకపోలేదు. వారిని చూపి, "చూచితిరా, వ్యాయామము చేసిన చేటు!" అని మొదటివారు తమ వాదమును బలపరచుకొందురు.

ఈ రెండు తెగలవారికిని సమాధానము మన రక్తములోనే యున్నది. రాయవేలూరు, గుడియాత్తము ప్రాంతముల వారమైన మనకు రక్తపరీక్ష చీటీ క్రొత్తది కాదు. 1900 సంవత్సరమున ఇడా స్కడర్ ఒక్క మంచముతో ఆరంభించిన చికిత్సాలయము పెరిగి సి.ఎం.సి. అను మహావైద్యశాలయైనది, దూరదేశముల నుండియు రోగులు దానిని వెదకికొని వచ్చుచున్నారు. అచట గాని, మన వీధి చివరనున్న చిన్న పరీక్షశాలలో గాని ఇచ్చు చీటీలో తెల్లకణముల లెక్క యని ఒక పంక్తి యుండును. ఆరోగ్యవంతుడైన పెద్దవాని రక్తములో ఒక ఘన మిల్లీమీటరునకు సుమారు 4,000 నుండి 11,000 వరకు తెల్లకణము లుండును. ఆవగింజంత రక్తపుబొట్టులో ఇన్నివేల కణములు ఏమి చేయుచున్నవి? కఠినముగా శ్రమించినప్పుడు వీని గతి యేమి? నెలలు, సంవత్సరములు సాధన చేసినచో వీనిలో ఏ మార్పు కలుగును? ఈ మూడు ప్రశ్నలను విద్యార్థులకు తేటపరచుటయే మా యుద్దేశము.

తెల్లకణములు దేహమును కాపాడు భటులని మొదట గ్రహించినవారిలో రష్యా దేశీయుడగు మెచ్నికాఫ్ ముఖ్యుడు. ఆయన 1882లో సిసిలీ ద్వీపమునందలి మెసీనా పట్టణమున సముద్రపు నక్షత్రచేప పిల్లలను పరిశీలించుచుండెను. అద్దమువలె పారదర్శకమైన ఆ పిల్లల శరీరములో ఆయన గులాబీ ముండ్లను గ్రుచ్చి మరునాడు చూడగా, ముల్లు చుట్టును కణములు గుంపుగూడి యుండెను. పరవస్తువు లోపలికి వచ్చినంతనే దానిని చుట్టుముట్టి మ్రింగివేయు కణములు ప్రాణుల దేహములో కలవని ఆయన తెలిపెను. 1908లో ఆయనకును, జర్మనీ శాస్త్రజ్ఞుడగు ఎర్లిక్‌కును కలిపి నోబెల్ బహుమానము లభించినది.

తెల్లకణములన్నియు ఒక్క జాతివి కావు. వానిలో అధికసంఖ్యాకములు న్యూట్రోఫిల్ అనునవి. పుండు పడినచోటికి మొదట పరుగెత్తి సూక్ష్మక్రిములను మ్రింగునవి ఇవియే. రెండవ స్థానము లింఫోసైట్ కణములది. వీనిలో బి కణములు ప్రతిరక్షక పదార్థములను తయారుచేయును. టి కణములు శత్రువును గుర్తుంచుకొని మరల వచ్చినప్పుడు వేగముగా ఎదుర్కొనును. సహజ సంహారక కణములనునవి క్రిమి సోకిన దేహకణములను, పుట్టకురుపు కణములను కనుగొని చంపును. ఇచట ఒక విషయమును గట్టిగా జ్ఞాపకముంచుకొనవలెను. దేహములోని లింఫోసైట్ కణములలో ఏ సమయమునందైనను రక్తములో తిరుగునవి నూటికి సుమారు రెండు మాత్రమే. తక్కినవన్నియు ప్లీహమునందును, ఎముకల మూలుగునందును, ప్రేగులయందును, చంకలలోను గజ్జలలోను ఉండు గ్రంథులయందును కాపురముండును. కనుక రక్తపు చీటీ మనకు చూపునది సైన్యమంతటిని కాదు. దారిలో నడచుచున్న కొలదిమందిని మాత్రమే.

ఇక శ్రమ సంగతి. 1902లో లారబీ అను వైద్యుడు బోస్టన్ నగరపు మారథాన్ పరుగువీరుల రక్తమును పరీక్షించి, పందెము ముగియునప్పటికి తెల్లకణముల సంఖ్య మిక్కిలి పెరిగియున్నదని ప్రకటించెను. కొందరిలో అది తీవ్రమైన వ్యాధి సోకినవారి లెక్కను పోలియుండెను. కాని వారికి వ్యాధి లేదు. ఇట్లేల జరుగును? మనము వేగముగా పరుగెత్తునప్పుడు గుండె వడిగా కొట్టుకొని రక్తప్రవాహము ఉరకలు వేయును. అడ్రినలిన్ అను రసము రక్తములో చేరును. వాననీటి వరదకు కాలువ గట్లకు అంటుకొన్న ఆకులు కొట్టుకొని వచ్చునట్లు, రక్తనాళముల గోడలకు అంటియున్న కణములు ప్రవాహములో పడును. ప్లీహమునుండియు కణములు బయలుదేరును. అన్నింటికంటె ముందుగా, అధికముగా కదలునవి సహజ సంహారక కణములు. శ్రమ తీవ్రమైనకొలది వాని సంఖ్య అనేక రెట్లు పెరుగును.

ఆశ్చర్యకరమైనది దీని తరువాతి ఘట్టము. శ్రమ చాలించిన పిదప ఒకటి రెండు గంటలలో లింఫోసైట్ కణముల సంఖ్య మొదటి లెక్కకంటె కూడ తగ్గిపోవును. న్యూట్రోఫిల్ కణములు మాత్రము మూలుగునుండి వచ్చి చేరుచు కొన్ని గంటలవరకు హెచ్చుగనే యుండును. సాధారణముగా ఒక దినము గడచునప్పటికి అన్నియు యథాస్థితికి వచ్చును.

ఈ తగ్గుదలను చూచి శాస్త్రజ్ఞులు పూర్వము భయపడిరి. లింఫోసైట్ కణములు నశించుచున్నవనియు, కొన్ని గంటలపాటు దేహము కిటికీ తెరచిన యిల్లువలె కాపు లేక యుండుననియు, అప్పుడు క్రిములు సులభముగా జొరబడుననియు భావించిరి. ఈ వాదమునకు కొన్ని లెక్కలు తోడ్పడెను. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరమున 1982లో జరిగిన 56 కిలోమీటర్ల పందెమునకు పిమ్మట, పరుగెత్తినవారిలో నూటికి 33 మంది జలుబు, గొంతునొప్పి వంటి బాధలు కలిగినవని చెప్పిరి. పరుగెత్తనివారిలో అట్లు చెప్పినవారు నూటికి 15 మంది. 1987లో లాస్ ఏంజిలిస్ మారథాన్‌లో పాల్గొన్నవారిలో నూటికి 12.9 మంది తరువాతి వారములో జబ్బుపడితిమనిరి. సమానమైన సాధన చేసియు పందెమున పాల్గొననివారిలో అట్టివారు 2.2 మంది మాత్రమే. మన తల్లిదండ్రుల భయమునకు శాస్త్రము కూడ సాక్ష్యము పలికినట్లయినది.

కాని శాస్త్రము ఒకచోట నిలిచిపోవునది కాదు. కణములు తగ్గినవన్న మాట నిజమే. అవి చచ్చినవా, వేరొకచోటికి పోయినవా అని వెదకవలదా? 2008లో జర్మనీ శాస్త్రజ్ఞులు ఎలుకల టి కణములకు గుర్తులు పెట్టి, వానిని పరుగెత్తించి, ఆ కణములు ఎచటికి చేరినవో పరిశీలించిరి. అవి ఊపిరితిత్తులలోను, ఎముకల మూలుగులోను, ప్రేగుల గోడలయందలి రక్షణస్థానములలోను కనబడెను. ఊపిరితిత్తులు, ప్రేగులు ఎట్టి స్థానములు? మనము పీల్చు గాలితోను తిను అన్నముతోను క్రిములు ప్రవేశించు ద్వారములు. కణములు పారిపోలేదు, ద్వారముల కడ కాపలాకు పోయినవి.

గుడియాత్తమునకు చెందిన విద్యార్థులు దీనిని సులభముగా గ్రహింపగలరు. తమిళుల వైకాశి మాసారంభమున మన పట్టణమునందు గంగమ్మ శిరస్సు ఉత్సవము జరుగును గదా! ఆనాడు వీధులన్నియు జనసముద్రము. పోలీసులు ఠాణా విడిచి వీధి మొగలలోను, గుడి యెదుటను, నదీతీరమునను నిలుతురు. ఆ సమయమున ఎవడైనను ఠాణాలోనికి తొంగిచూచి, నలుగురే యున్నారు గనుక ఊరికి రక్షణ లేదని పలికినచో మనము నవ్వుదుము. రక్తములోని లెక్క ఠాణాలోని లెక్క వంటిది. అచట తగ్గినంత మాత్రమున ఊరిలో తగ్గినట్లు కాదు. ఇంగ్లండులోని బాత్ విశ్వవిద్యాలయమునకు చెందిన క్యాంప్‌బెల్, టర్నర్ అను నిరువురు 2018లో అంతవరకు జరిగిన పరిశోధనలనెల్ల సమీక్షించి, ఒక పూట చేసిన కఠిన వ్యాయామము రోగనిరోధకశక్తిని అణచివేయునన్న మాటకు తగిన ఆధారము లేదని వ్రాసిరి.

అట్లయిన పందెములలో పాల్గొన్నవారు జబ్బుపడుట యేల? ఆ లెక్కలన్నియు వారు స్వయముగా చెప్పిన మాటలమీద ఆధారపడినవి. 2007లో ప్రకటింపబడిన ఒక పరిశీలనలో, జలుబు చేసినదని చెప్పిన క్రీడాకారుల నమూనాలను పరీక్షింపగా, మూడింట ఒక వంతునకు మించి క్రిమి కనబడలేదు. తక్కినవారి గొంతుమంటకు ఎండిన గాలి, దుమ్ము, అలర్జీ వంటివి కారణములు కావచ్చును. నిజముగా క్రిమి సోకినవారి విషయములో కూడ దోషమంతయు పరుగుది కాదు. వేలకొలది జనుల మధ్య గుంపుగా నిలుచుట, దూరప్రయాణము, నిద్రలేమి, పందెమునుగూర్చిన ఆందోళన, చాలని తిండి – ఇవి యన్నియు పరుగుతోపాటు వచ్చు తోడిదొంగలు.

వీనిలో నిద్రలేమి చేయు చేటు మిక్కిలి పెద్దది. అమెరికాలో 164 మంది ఆరోగ్యవంతుల ముక్కులలో జలుబు క్రిములు గల చుక్కలు వేసి పరిశీలించిన ఫలితములు 2015లో వెలువడెను. రాత్రికి ఏడు గంటలకు మించి నిద్రించువారితో పోల్చిచూడగా, ఆరు గంటలకంటె తక్కువ నిద్రించువారికి జలుబు పట్టు అవకాశము నాలుగు రెట్లకు పైగా నుండెను. పరీక్షలకొరకు ఆటను మాన్పించి, రాత్రి ఒంటిగంటవరకు పుస్తకము ముందు కూర్చుండబెట్టు తల్లిదండ్రులు ఈ మాటను ఆలకింపవలెను. జ్వరమునకు భయపడి వారు మాన్పించినది రక్షకుని. ఇంటిలోనికి పిలిచినది దొంగను.

ఇంతవరకు ఒక్కపూట శ్రమను గూర్చి చెప్పితిమి. దీర్ఘకాల సాధన మాట యేమి? విశ్రాంతిగా నున్నప్పుడు తీసిన రక్తములో, సాధన చేసినవారి తెల్లకణముల లెక్కకును సామాన్యుల లెక్కకును పెద్ద భేద ముండదు. దూరపు పరుగువీరులు కొందరిలో కొంచెము తక్కువగనే యుండును. భేదము సంఖ్యలో గాక పనిలో కనబడును. అమెరికాలో సుమారు వేయిమంది పెద్దలను 12 వారములపాటు గమనించి 2011లో ప్రకటించిన పరిశీలనలో, వారమునకు ఐదు దినములైనను వ్యాయామము చేయువారు జలుబుతో బాధపడిన దినములు, కదలక కూర్చుండువారి దినములకంటె నూటికి 43 వంతులు తక్కువ. ప్రతిదినపు శ్రమచేత కణములు దినమున కొకసారి దేహమంతయు గస్తీ తిరుగును, ద్వారములను పరామర్శించును. ఒకనాటి గస్తీ ఒకనాటిదే. నిత్యము తిరిగిన గస్తీ కోటగోడవలె నిలుచును.

దశాబ్దముల సాధన చేయు మేలు మరింత గొప్పది. మన రొమ్ముటెముక వెనుక థైమస్ అను చిన్న గ్రంథి కలదు. టి కణములు శిక్షణ పొందు పాఠశాల యదియే. వయస్సు పైబడినకొలది ఆ గ్రంథి కృశించి, క్రొత్త టి కణముల పుట్టుక తగ్గును. అందువలననే ముసలితనమున వ్యాధులు త్వరగా సోకును. 2018లో ఇంగ్లండు శాస్త్రజ్ఞులు 55 నుండి 79 సంవత్సరముల వయస్సు గలిగి, జీవితమున చాలభాగము దూరపు సైకిలు సవారి చేసిన 125 మందిని పరీక్షించిరి. థైమస్ నుండి వారికి లభించు క్రొత్త టి కణముల పరిమాణము యువకులతో తులతూగునట్లుండెను. అదే వయస్సుండి వ్యాయామ మెరుగనివారిలో అట్లు లేదు. మన యూళ్లలో సైకిలు బీదవాని వాహనమని చిన్నచూపు చూచువారున్నారు. ఆ వాహనముమీద ఏండ్ల తరబడి తిరిగినవారి దేహము ఎంతటి ధనమును దాచుకొనగలదో చూడుడు.

అట్లని హద్దు లేని శ్రమ మంచిదని మా మాట కాదు. వారముల తరబడి విశ్రాంతి లేక శ్రమించినచో రక్షణశక్తి క్షీణించుట నిజము. మన లాలాజలములో ఐ.జి.ఎ. అను ప్రతిరక్షక పదార్థము కలదు. గొంతు ద్వారమును కాయునది యదియే. పడవపందెపు క్రీడాకారులను 50 వారములు గమనించి 2008లో ప్రకటించిన పరిశోధనలో, ఒకని లాలాజలమున ఆ పదార్థము తన సామాన్యస్థాయిలో 40 శాతమునకు లోపడినప్పుడు, తరువాతి మూడు వారములలో జలుబు చేయు అవకాశము దాదాపు సగమని తేలినది. తెల్లవారుజామున రెండు గంటలు పరుగెత్తి, రాత్రి నిద్ర మాని, కాఫీతోనే పూట గడపు యువకుని దశ ఇట్టిదే. అతనిని పడగొట్టినది పరుగు కాదు. పరుగునకును పరుగునకును నడుమ లేకపోయిన విశ్రాంతి.

మన పెద్దలు ఈ హద్దును ఎరుగకపోలేదు. వాగ్భటుడు అష్టాంగహృదయమున, బలము గలిగి మంచి ఆహారము తినువాడు చలికాలమునను వసంతమునను తన శక్తిలో సగము మేరకు వ్యాయామము చేయవలెననియు, ఇతర కాలములలో ఇంకను తగ్గింపవలెననియు విధించెను. కత్తెర ఎండలలో మిట్టమధ్యాహ్నము బంతి వెంట పరుగెత్తు మన బాలురకు ఇది తగిన హితవు.

క్రమసాధనకు నిదర్శనములను వెదకికొని దూరము పోనక్కరలేదు. వేలూరునందలి సత్తువాచారి పేరు విన్నంతనే తెలుగువారికి సత్తువ అను మాట స్ఫురించును; ఊరి పేరు పుట్టుక వేరైనను, అచటి సత్తువ నిజమైనది. ఆ ఊరి బరువులెత్తు వీరుడు సతీష్ శివలింగము 2014లో గ్లాస్గో నగరమున జరిగిన కామన్వెల్త్ క్రీడలలో 77 కిలోల తరగతిలో మొత్తము 328 కిలోలు ఎత్తి స్వర్ణపతకము నందెను. 2018లో గోల్డ్‌కోస్ట్‌నందు 317 కిలోలు ఎత్తి మరల స్వర్ణము గెలిచెను. రెండు స్వర్ణముల నడుమ నాలుగు సంవత్సరములు. అంతకాలము బలమును నిలుపుకొనుట ఒక నెల ఉబలాటముతో అగు పని కాదు. మన తెలుగు మల్లుడు కోడి రామమూర్తినాయుడు కూడ మద్రాసు సైదాపేటలో వ్యాయామశిక్షణ పొంది, విజయనగరమున వ్యాయామోపాధ్యాయుడుగా పనిచేసిన పిదపనే దేశదేశములలో తన బలమును ప్రదర్శించెను. శిక్షణ ముందు, ప్రదర్శన పిదప.

ఇక విద్యార్థులు ఆచరింపదగిన నియమములను కొన్ని చెప్పుదుము. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో ప్రకటించిన విధానము ప్రకారము, 5 నుండి 17 ఏండ్ల పిల్లలు దినమునకు సగటున 60 నిముషములు ఒడలు చెమర్చునట్లు ఆడవలెను. వారమునకు మూడు దినములైనను ఆ శ్రమ తీవ్రముగా నుండవలెను. చెడుగుడు, బంతియాట, త్రాడుదాటు, వేగనడక, దండీలు, బస్కీలు – ఏదైనను సరియే. క్రొత్తగా మొదలిడువారు దూరమును వారము వారమునకు కొంచెము కొంచెముగా పెంచవలెను. వారమున ఒకటి రెండు దినములు దేహమునకు సెలవీయవలెను. పరుగునకు పిదప ఆకలిని చంపుకొనరాదు. తీవ్రశ్రమలో తగినంత పిండిపదార్థము లభించినచో దేహములోని ఒత్తిడి రసములు మితిమీరకుండునని పరిశోధకులు కనుగొనిరి. ఇందుకు వెలగల డబ్బాపొడులతో పనిలేదు. రాగిసంకటి, అంబలి, ఉడికిన శనగలు, వేరుశనగలు, అరటిపండు, కలిగినవారికి గ్రుడ్డు, పాలు – ఇవి చాలును.

జ్వరము తగిలినప్పుడు మాత్రము పరుగెత్తరాదు. ముక్కు కొంచెము కారుచున్నంత మాత్రమున మెల్లగా నడచుటకు అభ్యంతరము లేదు; కాని జ్వరము, ఒళ్ళునొప్పులు, రొమ్ములో దగ్గు ఉన్నప్పుడు కఠిన శ్రమ ప్రమాదకరము. కొన్ని వైరసులు గుండె కండరమును వాపు పుట్టించును. అట్టి వేళ పరుగెత్తుట ప్రాణాంతకము కూడ కావచ్చును. భటులు లోపల యుద్ధము చేయునప్పుడు వారిని గస్తీకి పంపరాదు. మరియొక చిన్న మాట: రక్తపరీక్షకు పోవుటకు ముందు కఠినముగా శ్రమింపరాదు. పరుగెత్తి వచ్చి రక్తమిచ్చినచో తెల్లకణముల లెక్క పెరిగి కనబడి, లేని వ్యాధిని ఉన్నదని శంకింపజేయును.

తుదకు బాలికలను గూర్చి ఒక మాట. 2019లో వెలువడిన ప్రపంచపు లెక్కలో, 11 నుండి 17 ఏండ్ల బాలురలో నూటికి 78 మందియు, బాలికలలో నూటికి 85 మందియు చాలినంతగా ఆడుటలేదని తేలినది. తెల్లకణములకు ఆడ మగ భేదము చూపి ఆటస్థలము వాకిలి మూయుట తెలియదు. ఆ వాకిలిని మూయుచున్నది మనమే. ఇరువది యేండ్ల పిదప ఆ బాలికయే ఒక యింటికి తల్లియై, అందరి జ్వరములకు సేవ చేయవలసినది. ఆమెకు కావలసిన సత్తువను కూడబెట్టుకొనుటకు తగిన కాలము ఇదియే. సాయంకాలము ఒక గంట ఆటస్థలము, రాత్రి తగిన నిద్ర – ఈ రెండింటిని మన యిండ్లలో బాలురకును బాలికలకును సమానముగా కల్పింతుము గాక. చదువు దానివలన చెడదు. జ్వరముతో పరుండని దినములన్నియు చదువునకే మిగులును.